నడిచే కోడ్ రాస్తే చాలా? కంటైనర్ ప్రాజెక్టుల మీద అపోహలు - వాస్తవాలు

“అన్నా, పీఆర్ పెట్టి మూడు వారాలైంది. ఒక్కరూ పలకట్లేదు. వద్దన్నట్టేనా?”

పీఆర్ అంటే ‘నా మార్పును మీ ప్రాజెక్టులో కలుపుకోండి’ అని పంపే కోడ్. ఇదే ప్రశ్న కాస్త అటూ ఇటూగా నాకు తరచూ వస్తుంటుంది. అడిగేవాళ్లలో ఫైనల్ ఇయర్ పిల్లలుంటారు, ఏళ్ల తరబడి డెవాప్స్ చేసి ఇప్పుడు రన్‌టైమ్ లోపలికి తొంగిచూద్దామనుకునే సీనియర్లూ ఉంటారు. నా ఉద్యోగం కంటైనర్ రన్‌టైమ్‌ల మీదే, అంటే ప్రోగ్రామ్‌ని మిగతా సిస్టమ్ నుంచి విడిగా ఓ పెట్టెలో (కంటైనర్‌లో) పెట్టి నడిపే సాఫ్ట్‌వేర్ మీద. కస్టమర్ల దగ్గర తేలిన బగ్గుల్ని పట్టుకుని, సరిచేసి అప్‌స్ట్రీమ్‌కి (అసలు ప్రాజెక్టుకి) పంపడం, బయటివాళ్ల ప్యాచ్‌లు చూసిపెట్టడం. అందుకని లింకు పంపమంటాను, తెరిచి చూస్తాను. చాలాసార్లు కోడ్ బాగానే ఉంటుంది. నాకు బాధ కలిగేది కూడా అందుకే. అంత శ్రద్ధగా రాసిన కోడ్‌ని వేరే రిపోలో (వేరే ప్రాజెక్టు కోడ్ ఉండే చోట) రాసి ఉండాల్సింది, లేదా అసలు రాయకుండా ముందు నాలుగు వాక్యాల ఇష్యూ ఒకటి పెట్టి ఉండాల్సింది.

మూడు వారాల మౌనం సంగతి ముందే చెప్పేస్తాను. అది తిరస్కారం కాదు. రన్‌సీ (కంటైనర్‌ని నిజంగా లేపే రన్‌టైమ్) లాంటి ప్రాజెక్టులో మెర్జ్ చేయగలిగినవాళ్లు కొద్దిమందే, వాళ్లకీ ఉద్యోగాలూ ఇళ్లూ ఉన్నాయి. సీఐ (వాటంతటవే నడిచే టెస్టులు) ఎర్రగా ఉందేమో చూసుకోండి. మెయిన్ బ్రాంచ్ మీదకి రీబేస్ చేయండి. మర్యాదగా ఒకసారి గుర్తుచేయండి. దీనికోసం నిద్ర మానుకోవద్దు.

అపోహ: “ఫీచర్ నేనే రాసి, నేనే టెస్ట్ చేసి ఊరికే ఇస్తున్నాను. వద్దనడానికి వాళ్లకేం నొప్పి?”

అన్నిటికంటే ఎక్కువ మందిని దెబ్బతీసేది ఇదే. పోయేది వారాంతాలు, సెలవులు. అంతకుమించి ఉత్సాహం. ఒక్కసారి ఇలా దెబ్బతిన్నవాళ్లు మళ్లీ ఇటువైపు రారు.

విజయవాడ కుర్రాడొకడు దసరా సెలవులన్నీ పెట్టి రన్‌సీలో వాల్యూమ్ మౌంట్లకి కొత్త ఆప్షన్ ఒకటి రాశాడు. కాన్ఫిగ్ జేసన్‌లో ఓ కొత్త ఫీల్డ్, దాన్ని చదివే కోడ్, టెస్టులు, అన్నీ ఉన్నాయి. వచ్చిన మొదటి జవాబు ఒకే ఒక్క ముక్క: ఇది స్పెక్‌లో ఉందా? వాడు దాన్ని అవమానంగా తీసుకున్నాడు. “కోడ్ చదవకుండానే తోసేశారన్నా” అన్నాడు.

చదవాల్సిన పని లేదు మరి. ఆ కాన్ఫిగ్ ఫైల్‌లో ఏముండాలో తేల్చేది రన్‌సీ కాదు, ఓసీఐ (ఓపెన్ కంటైనర్ ఇనిషియేటివ్) రన్‌టైమ్ స్పెక్, అంటే అన్ని రన్‌టైమ్‌లూ ఒప్పుకున్న ఉమ్మడి నియమాలు. అదే ఫైల్‌ని సీలో రాసిన సీరన్ చదువుతుంది, రస్ట్‌లో రాసిన యూకీ చదువుతుంది. రన్‌సీ ఒక్కటీ తనకు తోచిన ఫీల్డ్ కలుపుకుంటే ఇక్కడ నడిచేది అక్కడ నడవదు. ఆ గొడవ రాకూడదనే కదా 2015లో అందరూ కూర్చుని ఓసీఐ పెట్టుకున్నది! వాడు రాయాల్సిన మొదటి పేరా స్పెక్ రిపోలో రాయాలి. అక్కడ ఒప్పుకున్నాక రన్‌సీ, ఆ తర్వాత రన్‌సీని పనిలోకి దించే కంటైనర్‌డీ, ఇంకా పైన డాకరో క్యుబర్నెటీసో.

ఈ దారి ఎంత పొడుగో తెలియాలంటే ఐడీ-మ్యాప్డ్ మౌంట్ల కథ చూడండి. యూజర్ నేమ్‌స్పేస్‌లో (లోపలి యూజర్ నంబర్లను బయట వేరే నంబర్లుగా చూపే ఏర్పాటులో) కంటైనర్ నడిపితే లోపలి రూట్ బయట ఏ లక్షో నంబర్ యూజర్ అవుతాడు. దాంతో హోస్ట్ వాల్యూమ్‌లోని ఫైళ్లన్నీ పరాయివాళ్లవిగా కనబడతాయి. పాత వైద్యం ఒక్కటే, మొత్తం డైరెక్టరీకి చోన్ కొట్టడం, అంటే ప్రతి ఫైలుకీ యజమానిని మార్చడం. లక్షల ఫైళ్లుంటే ఆ కంటైనర్ లేచేలోపు టీ తాగి రావచ్చు. మౌంట్ దగ్గరే ఐడీలు మార్చి చూపించే సదుపాయం లైనక్స్ కెర్నెల్ 5.12లో, అంటే 2021 ఏప్రిల్‌లో వచ్చింది. రన్‌సీ స్థిర విడుదలలో అది అందింది 1.2.0తో, 2024 అక్టోబర్‌లో. మూడున్నరేళ్లు! రాసినవాళ్లు సామాన్యులు కారు, అవసరం లేక ఆగిందీ కాదు. మధ్యలో స్పెక్ భాష తేలాలి, పాత కెర్నెళ్ల మీద ఏం చేయాలో తేలాలి, పైనున్న ప్రాజెక్టులు తమ వంతు కలపాలి. పరిచయం లేని మనిషి సెలవుల్లో రాసి తెచ్చిన ఫీచర్ వారంలో మెర్జ్ కావాలంటే ఎలా?

ఒకసారి లోపలికి వచ్చిన ఫ్లాగ్ (కమాండ్‌కి తగిలించే ఆప్షన్) బయటికి పోదు, అదొకటి. డాకర్‌లో లింక్ ఫ్లాగ్‌ని డాక్యుమెంటేషన్ ఏనాడో లెగసీ అనేసింది. అయినా తీసేయడానికి చేతులు రావు, ఎక్కడో ఎవరి స్క్రిప్టో దాని మీద నడుస్తుంటుంది. మీ ఫ్లాగ్ గురించి రేపు బగ్ వస్తే సమాధానం చెప్పాల్సింది మెయింటెయినర్లే. అప్పటికి మీరు ఉద్యోగం మారి ఉంటారు, నోటిఫికేషన్లు ఆపేసి ఉంటారు.

“మెయింటెయినర్లు తమ సొంత కోడైతే కళ్లు మూసుకుని కలుపుకుంటారు” అనే పుకారు కూడా విన్నాను. ఎక్కడ పుడతాయో ఇవి! 2019 ఫిబ్రవరిలో బయటపడ్డ రన్‌సీ భద్రతా లోపం సీవీఈ-2019-5736 గుర్తుందా? కంటైనర్ లోపలి దుష్ట ప్రాసెస్ ప్రాక్ సెల్ఫ్ ఎగ్జీ (నడుస్తున్న ప్రోగ్రామ్ ఫైల్‌ని చూపే లింకు) దారిన హోస్ట్ మీది రన్‌సీ బైనరీనే పట్టుకుని తిరగరాసేయగలిగేది. ఆ తర్వాత ఎవరు కంటైనర్ లేపినా హోస్ట్ మీద రూట్‌గా నడిచేది దాడిచేసినవాడి ప్రోగ్రామే. దానికి చేసిన ఫిక్స్ ఏమిటంటే, రన్‌సీ మొదలవగానే తనను తాను మెమరీలోకి కాపీ చేసుకుని, దాన్ని సీల్ చేసి, ఆ కాపీ నుంచి నడవడం. రంధ్రం మూసుకుంది. కానీ ఆ కాపీ బరువు కంటైనర్ సీగ్రూప్ (మెమరీ వాడకాన్ని లెక్కగట్టే కెర్నెల్ ఏర్పాటు) ఖాతాలో పడింది. మెమరీ లిమిట్ నాలుగైదు ఎంబీ పెట్టుకున్నవాళ్ల కంటైనర్లు లేవడం మానేశాయి. డాకర్ 20.10 వచ్చేసరికి కనీస లిమిట్‌ని 4 ఎంబీ నుంచి 6 ఎంబీకి పెంచేశారు. ఆ భారం తగ్గిద్దామని 1.2 ట్రయల్ విడుదలల్లో మెయింటెయినర్లు రన్‌సీ-డీఎంజెడ్ అని ఓ చిన్న బైనరీ తెచ్చారు. అది మరో రకం ఇబ్బందులు తెచ్చిపెట్టడంతో తుది విడుదలకు ముందే తీసేశారు. వాళ్లు రాసుకున్నదే, రివ్యూ అయినదే, మెర్జ్ కూడా అయినదే. అయినా పోయింది.

కాబట్టి ముందు ఇష్యూ. మీకేం కావాలి, ఉన్నవాటితో ఎందుకు కుదరట్లేదు, ఇది ఏ పొరలో ఉండాలని మీ ఉద్దేశం. అంతే రాయండి. “సరే, పీఆర్ పంపండి” అన్నాక ఎడిటర్ తెరవండి.

అపోహ: “బగ్ ఫిక్స్ అంటే తప్పు లైన్ దొరకబుచ్చుకోవడం.”

లైన్ దొరకడం చివరి పని. అది బగ్గేనా, అయితే ఎవరిది? ముందు తేలాల్సింది ఇది. మీరు డాకర్ రన్ అని కొట్టాక పని సీఎల్‌ఐ (మీరు కొట్టే కమాండ్) నుంచి వెనక నడిచే డెమన్ డాకర్‌డీకి, అక్కడినుంచి కంటైనర్‌డీకి, షిమ్ అనే మధ్యవర్తి ప్రోగ్రామ్‌కి, రన్‌సీకి, చివరికి కెర్నెల్‌కి పోతుంది. సీఎల్‌ఐ ఒక రిపో, డెమన్ ఉండేది మోబీలో, మిగతావి వేర్వేరు. తప్పు గుమ్మం తట్టారో, మీ ఇష్యూ మూతపడుతుంది.

నేను ఎక్కువగా చూసేదొకటి చెబుతాను. ఒక కంపెనీలో ప్రతి డెప్లాయ్‌మెంట్‌కీ పాత కంటైనర్ ఆగడానికి సరిగ్గా పది సెకన్లు పట్టేది, ఎగ్జిట్ కోడ్ 137. అంటే 128కి సిగ్‌కిల్ (ప్రాసెస్‌ని బలవంతంగా చంపే సిగ్నల్) నంబర్ 9 కలిపితే వచ్చేది. “డాకర్ స్టాప్‌లో బగ్” అని వాళ్లు తీర్మానించేసి, టైమౌట్ కోడ్ మార్చే ప్యాచ్ కూడా రాసి తెచ్చారు. నేను కోడ్ చూడలేదు. రన్ కమాండ్‌కి ఇనిట్ ఫ్లాగ్ తగిలించి మళ్లీ ఆపమన్నాను. టక్కున ఆగింది.

జరిగేది ఇదీ. డాకర్ స్టాప్ ముందు ఆగమని అడిగే సిగ్‌టర్మ్ పంపుతుంది, పది సెకన్లు చూస్తుంది, అప్పటికీ ఆగకపోతే సిగ్‌కిల్. మీ యాప్ కంటైనర్‌లో పీఐడీ 1గా, అంటే మామూలు సిస్టమ్‌లో ఇనిట్ ఉండే మొదటి ప్రాసెస్ స్థానంలో నడుస్తోంది. పీఐడీ 1 తానుగా హ్యాండ్లర్ (సిగ్నల్ వస్తే నడిచే కోడ్) పెట్టుకోని సిగ్నల్‌కి మామూలుగా జరగాల్సిన చావు జరగకుండా కెర్నెలే కాపాడుతుంది, ఇనిట్ పొరపాటున చస్తే సిస్టమ్ మొత్తం పోతుంది కాబట్టి. అదే యాప్ లాప్‌టాప్‌లో నేరుగా నడిపితే సిగ్‌టర్మ్‌కి వెంటనే పోతుంది, అక్కడ అది పీఐడీ 1 కాదుగా. ఇనిట్ ఫ్లాగ్ పెడితే టినీ అనే చిన్న ప్రోగ్రామ్ ఆ స్థానంలో కూర్చుని సిగ్నల్‌ని యాప్‌కి అందిస్తుంది. ఇది డాకర్ 1.13 నుంచీ ఉంది. ఇందులో డాకర్ తప్పు లేదు, కెర్నెల్ తప్పూ లేదు. యాప్‌లో సిగ్‌టర్మ్ హ్యాండ్లర్ రాసుకున్నారు, అయిపోయింది.

ఇలాంటివే ఇంకొన్ని: రూట్ అధికారం లేకుండా నడిపే (రూట్‌లెస్) పాడ్‌మ్యాన్‌లో, అది డాకర్ లాంటిదే, 80 పోర్ట్ ఇవ్వట్లేదని ఫిర్యాదు (1024 కంటే కింది పోర్టులు మామూలు యూజర్‌కి కెర్నెలే ఇవ్వదు, ఒక సిస్‌కంట్రోల్ (కెర్నెల్ సెట్టింగ్) మార్చాలి). ఫెడోరాలో వాల్యూమ్ మీద పర్మిషన్ డినైడ్ (ఎస్‌ఈలైనక్స్ లేబుల్, మౌంట్ చివర పెద్ద జెడ్ పెట్టండి). వీటికి ప్యాచ్ అక్కర్లేదు.

నిజంగా బగ్గే అయితే, అది వచ్చేలా చేసే నాలుగు కమాండ్లు ఇష్యూలో పెట్టండి. మీ కంపెనీ ఇమేజ్ కాకుండా ఆల్పైన్ లాంటి అందరికీ దొరికే ఇమేజ్‌తో. దీనికే ఒక్కోసారి రెండ్రోజులు పోతాయి, పోనివ్వండి. అది చేతికొచ్చాక ఫిక్స్ తరచుగా మూడు లైన్లే ఉంటుంది. తర్వాత టెస్ట్. రన్‌సీలో ఇంటిగ్రేషన్ టెస్టులు బ్యాట్స్‌తో రాస్తారు, షెల్ వచ్చినవాళ్లకి గంటలో పట్టుబడుతుంది. రాసిన టెస్ట్ పాసైతే సంబరపడకండి. గిట్ స్టాష్ కొట్టి మీ ఫిక్స్‌ని పక్కన పెట్టి, టెస్ట్ ఒక్కటే నడపండి. అప్పుడు ఫెయిల్ కావాలి. ఫిక్స్ లేకుండా కూడా పాసయ్యే టెస్టులు నా దగ్గరికి ఎన్ని వస్తాయో!

మిగతావి గబగబా చెప్పేస్తాను.

అపోహ: “సీ, కెర్నెల్ రాకపోతే ఇక్కడ అడుగు పెట్టలేం.”

ఎక్కువ భాగం గో భాషే. రన్‌సీలో కొంచెం సీ ఉంది, దానికీ కారణం ఉంది: గో ప్రోగ్రామ్ మెయిన్‌కి వచ్చేసరికే చాలా థ్రెడ్లతో ఉంటుంది, అలాంటి ప్రాసెస్‌ని యూజర్ నేమ్‌స్పేస్‌లోకి కెర్నెల్ అడుగుపెట్టనివ్వదు. అందుకని గో రన్‌టైమ్ నిద్రలేవకముందే ఆ పని సీ కోడ్ చేసేస్తుంది. ఆ ఫోల్డర్ జోలికి మొదట్లో పోవద్దు. ఇంగ్లిష్ సరిగా రాదని భయపడేవాళ్లకీ ఓ మాట. మీ కమాండ్లూ వాటి అవుట్‌పుటూ మీకంటే బాగా మాట్లాడతాయి.

అపోహ: “పీఆర్‌ల లెక్క పెరిగితే ఉద్యోగం.”

ఎవరు చెబుతున్నారో గానీ పిల్లల జీవితాలతో ఆడుకుంటున్నారు. 2020 హాక్టోబర్‌ఫెస్ట్‌లో (అక్టోబర్‌లో పీఆర్‌లు పంపినవాళ్లకి బహుమతులిచ్చే కార్యక్రమం) టీషర్టు కోసం రీడ్‌మీలో ఒక విశేషణం చేర్చి పంపిన పీఆర్‌ల వరద చూశాం. నిర్వాహకులు నెల మొదట్లోనే నిబంధన మార్చి, ఇష్టపడ్డ రిపోలకే పరిమితం చేయాల్సొచ్చింది. ఆ గొడవలో మన దేశపు విద్యార్థుల పేరు ఎంతగా నలిగిందో అప్పుడు రివ్యూలు చేసినవాళ్లకి తెలుసు. ఇంటర్వ్యూలో నేను లెక్క అడగను. ఒక్క పీఆర్ తెరిచి, రివ్యూలో వచ్చిన ప్రశ్నలకి అభ్యర్థి ఏం జవాబిచ్చాడో చదువుతాను. ఏఐతో రాయించి తెచ్చినవాళ్లు దొరికిపోయేది కూడా అక్కడే.

అపోహ: “సైన్డ్-ఆఫ్-బై పెడితే కోడ్ మీద హక్కులు వాళ్లకి రాసిచ్చినట్టే.”

కాదు. ఆ లైన్‌తో మీరు ఒప్పుకునే ప్రకటన డీసీఓ. అది 2004లో లైనక్స్ కెర్నెల్ కోసం పుట్టింది. దాని సారం, ఈ కోడ్ ఇచ్చే హక్కు నాకుంది అని మీరు చెప్పడం. హక్కులు మీవి మీకే ఉంటాయి. మీరు భయపడాల్సింది మీ ఆఫర్ లెటర్ గురించి. ఉద్యోగంలో ఉండగా రాసిందంతా కంపెనీదే అనే క్లాజు మన దగ్గర మామూలు. మేనేజర్ నోటిమాట సరిపోదు, మెయిల్‌లో అనుమతి తీసుకోండి. పర్సనల్ లాప్‌టాప్, ఆదివారం అనే వాదనలు ఆ క్లాజు ముందు నిలుస్తాయన్న నమ్మకం లేదు.

అపోహ: “సెక్యూరిటీ లోపం దొరికితే ముందు ఇష్యూ తెరిచినవాడిదే పేరు.”

దయచేసి వద్దు. ఇలాంటి ప్రాజెక్టులకి సాధారణంగా సెక్యూరిటీ పాలసీ ఫైల్ ఉంటుంది, అందులో చెప్పిన ప్రైవేటు దారిన పంపండి. 2024 జనవరి 31న రన్‌సీ 1.1.12 వచ్చినప్పుడు లోపం వివరాలూ ప్యాచూ కలిసి బయటికొచ్చాయి. పేరు కనిపెట్టినవాళ్లకే దక్కింది.

అపోహ: “డాకర్ పని అయిపోయింది, ఇక దాని మీద సమయం దండగ.”

2020 డిసెంబర్‌లో క్యుబర్నెటీస్ వాళ్లు డాకర్‌షిమ్ (క్యుబర్నెటీస్‌ని డాకర్‌తో కలిపే కోడ్) తీసేస్తామన్న రోజు నుంచీ ఈ మాట తిరుగుతోంది. 2022లో 1.24తో తీసేశారు కూడా. పోయింది మధ్యలోని అతుకు మాత్రమే. కింద కంటైనర్‌డీ, రన్‌సీ అవే ఉన్నాయి, డాకర్‌తో కట్టిన ఇమేజ్‌లు అలాగే నడుస్తున్నాయి.

అపోహ: “ఫిక్స్ మెర్జ్ అయిందన్నారు, నా సర్వర్‌లో ఇంకా అదే ఎర్రర్. వాళ్లకి పట్టదు.”

మెర్జ్ అయింది మెయిన్ బ్రాంచ్‌లో. అది విడుదలలోకి రావాలి, దాన్ని మీ డిస్ట్రో ప్యాక్ చేయాలి. ఉబుంటు 22.04లో ఆప్ట్‌తో పాడ్‌మ్యాన్ వేసుకుంటే మీకొచ్చేది 3.4.4. పాడ్‌మ్యాన్ 5.0 వచ్చింది 2024 మార్చిలో. 3.4.4 మీద బగ్ పెడితే “కొత్తదాంతో చూడండి” అనే ఒక్క లైన్ జవాబు వస్తుంది, అది చూసి మనసు చివుక్కుమంటుంది. దానికంటే ముందే ఒక వర్చువల్ మెషీన్‌లో తాజా ఫెడోరా వేసి అవే నాలుగు కమాండ్లు కొట్టి చూడండి. అక్కడ రాకపోతే అడగాల్సింది ఉబుంటు ప్యాకేజీవాళ్లని, ఆ ఫిక్స్‌ని పాత వెర్షన్‌లోకి తెచ్చిపెట్టమని (బ్యాక్‌పోర్ట్ చేయమని). అక్కడా వస్తే ఇష్యూ మొదటి లైన్‌లోనే ఆ సంగతీ, పాడ్‌మ్యాన్ వెర్షన్ అవుట్‌పుటూ పెట్టండి.