"బ్లాక్ చేసేశారుగా, ఇంకేం భయం?" అనేవాళ్ల కోసం

అపోహ: శత్రుదేశం చానళ్లు మూయిస్తే ఫేక్ ఆగిపోతుంది.

ఆగదండీ. ఫ్యాక్ట్ చెక్ డెస్క్‌లో కూర్చున్న నాకు ఇది చెప్పీ చెప్పీ విసుగొచ్చింది. పహల్గాం దాడి తర్వాత, 2025 ఏప్రిల్ 28న కేంద్రం 16 పాకిస్తానీ యూట్యూబ్ చానళ్లను బ్లాక్ చేసింది. వాటికి 6 కోట్ల పైచిలుకు సబ్‌స్క్రైబర్లు. పది రోజులు తిరిగేసరికి రెండు దేశాల మధ్య దాడులు మొదలయ్యాయి, మా నంబర్‌కి ఫార్వర్డ్‌లు వరద కట్టాయి. ఒక్కటీ ఆ చానళ్ల లింకు కాదు, అన్నీ మన ఫ్యామిలీ గ్రూపుల్లోవే. పాక్ మిసైల్ అంటూ తిరిగిన పేలుడు 2020 నాటి బీరూట్‌ది. ఏటీఎంలు రెండు మూడు రోజులు బంద్ అన్న మెసేజ్ చూసి డబ్బుల కోసం పరిగెత్తినవాళ్లున్నారు. కరాచీ పోర్టు ధ్వంసమైపోయిందన్నది ఏ విదేశీ చానలో కాదు, మన టీవీలే.

ఆ రాత్రి గుంటూరు నుంచి ఒకావిడ ఫోన్. కొడుకు జలంధర్ దగ్గర బీటెక్. "బాబూ, ఆ డ్రోన్ పడింది మావాడి హాస్టల్ పక్కనేనా?" గొంతు వణుకుతోంది. వీడియో చూశాను. అందులో టైం రాత్రి 7:39, డ్రోన్లు వచ్చింది ఆ తర్వాత. అది పొలంలో మంటేనని అక్కడి డిప్యూటీ కమిషనరే, అంటే కలెక్టరే చెప్పారు. ఎవరు పంపారమ్మా అంటే, "మా మరిది".

అపోహ: అయితే నిషేధమే దండగ.

అదీ కాదు. యుద్ధం నడిపే ప్రభుత్వమే డబ్బు పోసి నడిపే చానల్‌ని ఆపాల్సిన సమయాలుంటాయి. కాకపోతే ఎందుకు ఆపుతున్నారో బయటికి చెప్పాలి. యూరోపియన్ యూనియన్ 2022 మార్చిలో రష్యా ప్రభుత్వ మీడియా ఆర్‌టీ, స్పుత్నిక్‌లను ఆపింది. కారణాలు గెజిట్‌లో వేసింది. ఆర్‌టీ వాళ్ల ఫ్రాన్స్ విభాగం యూనియన్ కోర్టుకెళ్లి జులైలో ఓడిపోయింది. మన దగ్గర ఐటీ చట్టం సెక్షన్ 69ఏ కింద ఇచ్చే బ్లాకింగ్ ఆర్డర్లు గోప్యం. నా పేచీ అక్కడే.

అపోహ: బ్లాక్‌ని దాటించే వీపీఎన్ యాప్‌లు ఉండగా బ్లాకులేం పనిచేస్తాయి?

వెతుక్కుని చూసేవాడు ఎలాగూ చూస్తాడు. ఖాళీగా స్క్రోల్ చేసేవాడి కంటపడదు, అంతే.

మర్నాడు పొద్దున్నే మళ్లీ ఆవిడే. "మావాడు నిద్రపోతున్నాడంట బాబూ, ఫ్రెండ్ ఫోన్ ఎత్తాడు. మా మరిది గ్రూపులో ఇంకోటి పెట్టాడు, పంపనా?"