64 కోర్లు కొంటే పని 64 రెట్లు తొందరగా అవ్వదు: వర్క్‌స్టేషన్, సర్వర్ ప్రాసెసర్లపై అపోహలు – వాస్తవాలు

సికింద్రాబాద్‌లో వర్క్‌స్టేషన్లు కట్టి అమ్మడం నా పని. ఆర్కిటెక్టులు, వీఎఫ్‌ఎక్స్ వాళ్లు, కాలేజీ ల్యాబుల వాళ్లు, కొత్తగా కంపెనీ పెట్టుకున్న కుర్రాళ్లు వస్తుంటారు. రాగానే ‘‘కోర్లు ఎన్ని?’’ అంటారు, అంటే ప్రాసెసర్‌లో విడివిడిగా పనిచేసే భాగాలు. ఏ సాఫ్ట్‌వేర్ వాడతారో మాత్రం నేనే గుచ్చి గుచ్చి అడగాలి. ఎవరో వీడియోలో సినీబెంచ్ (ప్రాసెసర్ వేగం కొలిచే పరీక్ష) స్కోరు చూపించాడని లోను పెట్టి మరీ కొనేవాళ్లను చూస్తుంటే ఒకపక్క జాలి, ఇంకోపక్క ఆ వీడియోల వాళ్ల మీద మంట.

అపోహ: కోర్లు ఎంత ఎక్కువుంటే పని అంత తొందరగా అవుతుంది

జేబుకు పెద్ద చిల్లు పెట్టేది ఇదే. అందుకే దీని దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను.

విజయవాడ నుంచి ఒక స్ట్రక్చరల్ ఇంజినీరు గారు ఫోన్ చేశారు. ‘‘చిప్ మా బావ డాలస్ నుంచి వస్తూ తెస్తాడండీ, బోర్డూ ర్యామూ మీరు చూసిపెట్టండి చాలు.’’ ఏ చిప్ అంటే ఏఎండీ కంపెనీ వర్క్‌స్టేషన్ ప్రాసెసర్ థ్రెడ్‌రిప్పర్ 7980ఎక్స్. 64 కోర్లు, విడుదలైనప్పుడు ధర 4,999 డాలర్లు. పనేమో రోజంతా ఆటోక్యాడ్, రెవిట్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్లలో. ఆ రెండింట్లో మౌస్ పట్టుకుని చేసే పని చాలావరకు ఒక్క కోర్ మీదే నడుస్తుంది. మిగతా 63 చూస్తూ కూర్చుంటాయి.

‘‘ఇప్పుడున్న పీసీలో టాస్క్ మేనేజర్ 6 శాతమే చూపిస్తోందండీ, అయినా రెవిట్ ఆగి ఆగి వస్తోంది. ప్రాసెసర్‌లో దమ్ము లేనట్టేగా?’’ అన్నారు. ఆ 6 శాతంలోనే ఉంది అసలు సంగతి. ఆయనది 8 కోర్లు, 16 థ్రెడ్ల మిషన్, అంటే ఒక్కో కోర్ ఒకేసారి రెండు పనుల వరుసలు నడుపుతుంది. ఒక్క థ్రెడ్ పూర్తిగా నిండితే మొత్తంలో పదహారో వంతు, అంటే 6 శాతం చిల్లర. అక్కడ ప్రాసెసర్ ఖాళీగా లేదు, ఒకే కోర్ మీద పనంతా పడి ఊపిరాడకుండా ఉంది. అదే పనిని 128 థ్రెడ్ల చిప్ మీద పెడితే 1 శాతం కూడా చూపించదు, విసుగు మాత్రం అంతే ఉంటుంది. ఆయనకు కావాల్సింది ఒక్క కోర్ వేగం. మామూలు పీసీలకు వచ్చే 16 కోర్ల రైజెన్ 9 9950ఎక్స్ 5.7 గిగాహెర్ట్జ్ దాకా పోతుంది, 7980ఎక్స్ 5.1 దగ్గర ఆగుతుంది. ఆయన పనికి తక్కువ ధరదే ఎక్కువ వేగం. బావగారికి వద్దని చెప్పడానికి మొహమాటపడ్డారు గానీ, చివరికి చెప్పారు.

మరి అన్ని కోర్లనూ వాడుకునే సాఫ్ట్‌వేర్ అయితే? అక్కడా లెక్క ఉంది. 1967లో కంప్యూటర్ శాస్త్రవేత్త జీన్ ఆమ్‌డాల్ చెప్పిందే. ఒక కోర్ మీద 100 నిమిషాలు పట్టే పనిలో 10 నిమిషాల భాగం ముక్కలు చేయడానికి కుదరనిది అనుకోండి. 16 కోర్లకు 15.6 నిమిషాలు పడుతుంది. 64 కోర్లకు 11.4. 96 కోర్లకు 10.9. అంటే 64 నుంచి 96కి ఎగబాకితే మిగిలేది అర నిమిషం. ఆ అర నిమిషం కోసం, విడుదలైనప్పుడు 9,999 డాలర్లున్న 96 కోర్ల థ్రెడ్‌రిప్పర్ ప్రో 7995డబ్ల్యూఎక్స్ కొనాలా అన్నది మీరే తేల్చుకోండి. బ్లెండర్ సైకిల్స్, వీ-రే లాంటి సాఫ్ట్‌వేర్లతో చేసే రెండరింగులో (3డీ డిజైన్‌ను బొమ్మగా మార్చే పనిలో) ఆ ముక్కలవని భాగం చాలా తక్కువ. వాళ్లు నిశ్చింతగా కోర్లు కొనుక్కోవచ్చు. పెద్ద కోడ్ కంపైల్ చేసేవాళ్లు, ఒకే మిషన్‌లో పాతిక వర్చువల్ మిషన్లు నడిపేవాళ్లు కూడా.

మీది ఏ రకమో తెలియకపోతే ఎవరినీ అడగక్కర్లేదు. ఇప్పుడున్న పీసీలో టాస్క్ మేనేజర్ తెరిచి, డీటెయిల్స్ ట్యాబ్‌లో మీ ప్రోగ్రామ్ మీద రైట్ క్లిక్ చేసి, సెట్ అఫినిటీలో కింది సగం టిక్కులు తీసేయండి. అదే పని మళ్లీ చేసి టైమ్ చూసుకోండి. సగం కోర్లు తీసేసినా టైమ్ పెద్దగా మారలేదంటే, రెట్టింపు కోర్లు కొన్నా మారదు. నా దగ్గర అడ్వాన్సు కట్టే ముందు అందరితో ఈ పరీక్ష చేయిస్తాను. కొందరు అటునుంచి అటే వెళ్లిపోతారు. పోనీండి.

ఇందులోనే ఇంకో గొయ్యి ఉంది, తెలిసినవాళ్లు కూడా పడేది. సీఎఫ్‌డీ (గాలి, నీటి ప్రవాహాలను కంప్యూటర్‌లో లెక్కగట్టడం) చేసే ఒక రీసెర్చ్ స్కాలర్ అమ్మాయి వేరే చోట కట్టించుకున్న మిషన్ తెచ్చింది. థ్రెడ్‌రిప్పర్ ప్రో 7985డబ్ల్యూఎక్స్, 64 కోర్లు. ఆ లెక్కలు చేసే ఓపెన్‌ఫోమ్ సాఫ్ట్‌వేర్ మాత్రం తన గదిలో ఉన్న 16 కోర్ల రైజెన్ మీద ఎంత వేగంగా నడుస్తుందో దీని మీదా అంతే. గైడ్ గారు నీ కోడ్‌లోనే లోపం అన్నారట. పాపం, నిద్ర మానేసి కోడ్ తిరగరాస్తోంది. సైడ్ ప్యానెల్ తీస్తే ఎనిమిది స్లాట్లలో రెండే ర్యామ్ స్టిక్కులు. 64 జీబీవి రెండు, మొత్తం 128 జీబీ. బిల్లులో అంతా సవ్యంగానే కనిపిస్తుంది.

ఈ ప్రాసెసర్‌కు ఎనిమిది మెమరీ చానెళ్లు, అంటే ర్యామ్ నుంచి డేటా వచ్చే దారులు. డీడీఆర్5-5200 ర్యామ్ మీద ఒక్కో చానెల్ సెకనుకు 41.6 జీబీ మోస్తుంది, ఎనిమిదీ కలిస్తే 332.8. రెండే నింపితే 83.2. రెండు చానెళ్ల రైజెన్ డీడీఆర్5-5600 మీద 89.6 మోస్తుంది! పెళ్లి వంటకు అరవై మంది వంటవాళ్లను పిలిచి, నీళ్లు మోయడానికి ఒకే బిందె ఇచ్చినట్టు. అవే 128 జీబీ 16 జీబీ స్టిక్కులుగా ఎనిమిది వేయించాను. ఆ సాయంత్రమే ఫోన్ చేసింది. కోడ్‌లో లోపం లేదు.

అందుకే ‘64 కోర్లు’ అంటే సరిపోదు. అదే తరంలో మూడు చూడండి. 7980ఎక్స్‌కు నాలుగు చానెళ్లు, 5.1 గిగాహెర్ట్జ్. 7985డబ్ల్యూఎక్స్‌కు ఎనిమిది, అంతే వేగం. సర్వర్ చిప్ ఎపిక్ 9554కు పన్నెండు చానెళ్లు, కానీ వేగం 3.75 దగ్గరే ఆగుతుంది. మొదటిది రెండరింగుకు, రెండోది సిమ్యులేషన్లకు, నాలుగు జీపీయూలు (గ్రాఫిక్స్ కార్డులు) పెట్టేవాళ్లకు. మూడోది ర్యాక్‌లో కూర్చుని రాత్రింబవళ్లు పదిమందికి పనిచేసేది. దాన్ని తెచ్చి టేబుల్ మీద పెట్టుకుని ఫోటోషాప్ నెమ్మదిగా ఉందంటే నేనేం చేయను?

అపోహ: గిగాహెర్ట్జ్‌ను కోర్లతో గుణిస్తే అసలు వేగం

96 కోర్లు ఇంటూ 2.4 గిగాహెర్ట్జ్, అంటే 230 గిగాహెర్ట్జ్ అట. ఇలాంటి లెక్క లేదు. పెట్టె మీద ఉండే బూస్ట్ (గరిష్ఠ వేగం) కూడా అన్ని కోర్లూ ఒకేసారి అందుకునేది కాదు.

అపోహ: సెకండ్‌హ్యాండ్ ఎపిక్ చవగ్గా దొరికితే వదలకూడదు

కొన్ని బ్రాండెడ్ సర్వర్లలో పనిచేసిన ఎపిక్ చిప్పులు ఆ కంపెనీ బోర్డుకే శాశ్వతంగా తాళం పడిపోతాయి. పీఎస్‌బీ (ప్లాట్‌ఫామ్ సెక్యూర్ బూట్) అంటారు దీన్ని. ఇంకో కంపెనీ బోర్డులో పెడితే లేవవు, ఆ తాళం తీసే దారి లేదు. అమ్మేవాడిని మీ బోర్డు మీద ఆన్ చేసి చూపించమనండి. నసిగితే లేచి రండి.

అపోహ: ఇంట్లో ఉన్న డీడీఆర్5 ర్యామ్ దీనికీ సరిపోతుంది

సరిపోదు. మామూలు పీసీది యూడిమ్ అనే రకం, ఈ థ్రెడ్‌రిప్పర్, ఎపిక్ చిప్పులకు ఆర్‌డిమ్ అనే రకం కావాలి. గాడి వేరే చోట ఉంటుంది, స్లాట్‌లోకే దిగదు. బలవంతంగా నొక్కకండి.

అపోహ: డేటాబేస్ సర్వర్‌కు కోర్లు ఎక్కువుంటే నష్టమేముంది?

లైసెన్సు కోర్ల లెక్కన కట్టాలి, అదే నష్టం. మైక్రోసాఫ్ట్ డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఎస్‌క్యూఎల్ సర్వర్ 2022 స్టాండర్డ్ 24 కోర్లకు మించి వాడదు. కోర్ లైసెన్సు మీద 64 కోర్ల మిషన్‌లో నేరుగా వేస్తే 64కూ డబ్బు కట్టాలి. చిప్ ధర కన్నా ఇదే బరువు.

అపోహ: ఆన్ చేశాక బొమ్మ రాలేదంటే బోర్డు పోయినట్టే

రాత్రి పదకొండు దాటాక వచ్చే ఫోన్లన్నీ ఇవే. లక్షలు పోసిన వస్తువు నల్ల స్క్రీన్ చూపిస్తే ఎవరికైనా గుండె జారుతుంది, కాదనను. మొదటిసారి ఆన్ చేసినప్పుడు, ర్యామ్ మార్చినప్పుడు ఈ బోర్డులు ఒక్కో స్టిక్కునూ సరిచూసుకుంటాయి. స్టిక్కులు ఎక్కువుంటే నిమిషాలు పడుతుంది. ఆ లోపు పవర్ బటన్ నొక్కి ఆపితే మళ్లీ మొదటికొస్తుంది. ముట్టుకోకుండా వదిలేయండి. పావుగంటైనా బొమ్మ రాకపోతే అప్పుడు ఫోన్ చేయండి, ఎత్తుతాను.