జామచెట్టుకు పొగ గొట్టం ఎందుకు లేదు?

చిరంజీవులు సుధకు, కిట్టుకు తాతయ్య ఆశీస్సులు.

సుధా, నీ ఉత్తరం అందింది. బడి బస్సులోంచి రోజూ మందుల ఫ్యాక్టరీ పొగ గొట్టాలు చూస్తున్నానని రాశావు. "మన జామచెట్టు కూడా తీపి, రంగు, వాసన తయారు చేస్తుంది కదా తాతయ్యా, దానికి పొగ గొట్టం ఎందుకు లేదు?" అని అడిగావు. ఎంత మంచి ప్రశ్న వేశావే తల్లీ! చెట్టు మంట పెట్టదు, ఎండతోనే పని చేసుకుంటుంది, అందుకే దానికి పొగ లేదు.

ఇటలీలో జాకొమో చామిచాన్ అనే రసాయన శాస్త్రవేత్తను కూడా ఇదే ఆలోచన వదల్లేదు. ఆయన బొలోన్యా విశ్వవిద్యాలయం మేడ మీద ద్రావణాలు నింపిన గాజు పాత్రలను ఎండలో వరుసగా పెట్టి, వెలుగు వాటిని ఎలా మారుస్తుందో గమనించేవారు. 1912లో న్యూయార్క్‌లో ప్రసంగిస్తూ, నీళ్లు లేని బీడు భూముల్లో ఒకనాటికి ఎండతో నడిచే పొగలేని పరిశ్రమలు వస్తాయన్నారు.

అయితే ఎండలో పెట్టినంత మాత్రాన అన్నీ మారిపోవు. చాలా పదార్థాలకు వెలుగును పట్టుకోవడం చేతకాదు. ఆకులో పత్రహరితం ఆ పని చేస్తుంది. ఫ్యాక్టరీకీ అలాంటి తోడు కావాలి. అందుకు పనికొచ్చే వాటిలో ఒకటి కార్బన్ నైట్రైడ్ అనే పసుపు పచ్చని పొడి. పొలంలో చల్లుతామే, ఆ యూరియాను ప్రయోగశాలలో 550 డిగ్రీల దాకా వేడి చేసి దీన్ని తయారు చేస్తారు. (అమ్మోనియా వాయువు వస్తుంది, ఇంట్లో ఈ పని చేయకూడదు కిట్టూ.) దీని జాతి పదార్థం గురించి 1834లోనే జర్మనీ శాస్త్రవేత్త లీబిగ్ రాశారు. 2009లో షిన్‌చెన్ వాంగ్, మార్కుస్ అంటోనియెట్టి బృందం ఈ పొడితో, మామూలు వెలుగులో, నీటి నుంచి హైడ్రోజన్ రాబట్టే దాకా దాని అసలు విద్య ఎవరికీ తెలియలేదు.

ఆ విద్య ఏమిటంటే, ఈ పొడిని అటక ఉన్న ఇల్లు అనుకోండి. కింద గది నిండా బిందెలు, అంటే ఎలక్ట్రాన్లు. అటక ఖాళీ. వెలుగు వచ్చి ఒక బిందెను ఎత్తి అటక మీద పెడుతుంది. దాన్ని గాలిలోని ఆక్సిజన్ అందుకుంటుంది. కింద ఏర్పడిన ఖాళీలోకి, పక్కనే ఉన్న బెంజైల్ ఆల్కహాల్ అనే ద్రవం తన బిందె ఒకటి తెచ్చి పెడుతుంది. అలా ఇచ్చాక అది మునుపటిలా ఉండదు. కొన్ని హైడ్రోజన్లను కూడా ఆక్సిజన్‌కు వదులుకొని, బాదం వాసన వేసే బెంజాల్డిహైడ్‌గా మారుతుంది. ఆక్సిజన్ చివరికి నీరవుతుంది. ఇల్లు మాత్రం ఎప్పటిలాగే, మరో బిందెకు సిద్ధంగా ఉంటుంది. అందుకే దాన్ని ఉత్ప్రేరకం అంటారు. 2010లో ఈ మార్పును నిజంగానే చేసి చూపించారు.

మా చిన్నప్పుడు నాయనమ్మ మామిడికాయలను అటక మీద గడ్డిలో మగ్గబెట్టేది. ఆ వాసనకు ఇంట్లో నిలవలేకపోయేవాళ్లం. పొట్టి పిల్లలం ఎందరం ఎగిరినా ఒక్క కాయా అందేది కాదు. పెద్దన్నయ్య ఒక్కడు చెయ్యి చాపితే చాలు. వెలుగు సంగతీ అంతే. ఎర్రని వెలుగు శక్తిలో పొట్టిది, ఎంత కురిసినా ఈ అటక అందుకోలేదు. ఊదా, నీలం వెలుగులు అందుకుంటాయి. అవి పొడిలోనే ఖర్చయిపోయి మిగిలినవి మన కంటికి వస్తాయి, అందుకే పొడి పసుపు పచ్చగా కనిపిస్తుంది. గోడ రంగుల్లో కలిపే టైటానియం డయాక్సైడ్‌ కూడా ఇలాంటి ఇల్లే కానీ, దాని అటక మరీ ఎత్తు. అతినీలలోహిత కిరణాలకే అందుతుంది, ఎండలో అవి నూటికి ఐదు వంతులే.

ఇల్లు పెద్ద గడ్డలా ఉంటే లోపలి గదుల్లో బిందెలు ఎవరికీ అందవు. అందుకే దాన్ని పలచని పొరలుగా, సన్నటి రంధ్రాలతో, నానోమీటర్ల కొలతలో తయారు చేస్తారు. మిల్లీమీటరులో పది లక్షల వంతు ఒక నానోమీటరు. అంత చిన్న చోట ఇంత ఇచ్చిపుచ్చుకోవడం జరుగుతోందంటే నాకు ఈ వయసులోనూ ఒళ్లు పులకరిస్తుంది.

ఇలాంటి మార్పులకే పాత పద్ధతిలో విషపూరితమైన క్రోమియం సమ్మేళనాలు వాడేవారు. పని అయ్యాక ఆ మురికి ఎక్కడికి పోవాలి? మనకు కావలసింది వండుకొని, గిన్నెలు కడిగిన నీళ్లు పక్కవాళ్ల బావిలో పోయడం తప్పు కదా. ఈ కొత్త దారి ఇంకా పూర్తి కాలేదు. పెద్ద తొట్టిలో వెలుగు లోపలిదాకా చొరబడదు, అందుకే సన్నని గొట్టాల్లో ద్రవాన్ని పారిస్తూ ప్రయత్నిస్తున్నారు. మీరు పెద్దయ్యేసరికి అక్కడ చేయవలసిన పని బోలెడు మిగిలి ఉంటుంది.

ఈలోగా ఒక పని చేయండి. పసుపు కూడా నీలం వెలుగును పట్టుకునేదే. తెల్లని పాత గుడ్డకు తడి పసుపు రాసి మూడు ముక్కలు చేయండి. ఒకటి నీడలో, ఒకటి ఎండలో పెట్టండి. మూడోదాన్ని మిఠాయి పొట్లానికి చుట్టే ఎర్రని పారదర్శక కాగితం కింద, ఎండలోనే ఉంచండి. సాయంత్రం మూడింటినీ పక్కపక్కన పెట్టి చూసి, ఏది ఎంత వెలిసిందో, ఎందుకలా అయిందనుకుంటున్నారో నాకు రాయండి.

మీ తాతయ్య