నల్లరాయి నెత్తిన సూర్యుడు

స్టాన్లీ కుబ్రిక్ తీసిన '2001: ఎ స్పేస్ ఒడిస్సీ' 1968 ఏప్రిల్‌లో, అంటే మనిషి చంద్రుడి మీద కాలు పెట్టడానికి పదిహేను నెలల ముందు విడుదలైంది. ఈ చిత్రంలోని దృశ్యాలకు గూఢార్థాలు చెప్పినవారికి లెక్కలేదు. ఏ అర్థం దర్శకుడు పెట్టినదో, ఏది చూసేవాళ్లు వెతికి తెచ్చుకున్నదో తేల్చడానికి నాకు ఒక మార్గం పనికివస్తుందని అనిపిస్తుంది. రాకెట్ నిపుణులతో కలిసి పనిచేసిన ఫ్రెడరిక్ ఆర్డ్‌వే, హ్యారీ లాంగేలను సలహాదారులుగా పెట్టుకుని, శూన్యంలో శబ్దం ప్రయాణించదు కనుక నౌక బయటి దృశ్యాల్లో పేలుడు మోతలు కూడా లేకుండా చేసిన దర్శకుడు ఈయన. అంతటి పట్టింపు ఉన్న మనిషి తెలిసి తెలిసి ఖగోళశాస్త్రాన్ని ఎక్కడ పక్కకు నెట్టాడో, అక్కడ వెతికితే ప్రతీక దొరికే అవకాశం ఎక్కువ.

కథలో నాలుగుసార్లు కనిపించే నల్లని రాతి పలకతో మొదలుపెడదాం. ఓరుగల్లు పేరులో దాగి ఉన్న 'ఏకశిల' అన్న మాట దీనికి చక్కగా సరిపోతుంది. ఆదిమ వానరాల గుంపు దాన్ని తడిమి చూసే ఘట్టంలో కెమెరా రాయి అడుగు నుంచి పైకి చూస్తుంది. రాయి కొసన సూర్యుడు, ఆ పైన నెలవంక కనిపిస్తాయి. నిజమైన ఆకాశంలో సూర్యుడికి అంత చేరువగా ఉన్న నెలవంక ఆ వెలుగులో మన కంటికి ఆనదు. చంద్రుడి మీద టైకో బిలంలో రాయి బయటపడినప్పుడు కూడా ఇదే కూర్పు తిరిగి వస్తుంది. ఈసారి నెలవంక స్థానంలో భూమి వంక ఉంటుంది. కుబ్రిక్‌తో కలిసి ఈ చిత్రకథను రాసిన ఆర్థర్ సి. క్లార్క్ నవల ప్రకారం అది అక్కడ సూర్యోదయ వేళ. చంద్రుడి నేల మీద నిలబడి చూస్తే భూమి ఉదయించదు, అస్తమించదు. టైకో నుంచి అది దిగంతానికి దాదాపు 45 డిగ్రీల ఎత్తున ఎప్పుడూ ఒకే చోట వేలాడుతున్నట్టు ఉంటుంది. అక్కడ తెల్లవారే సమయానికి సూర్యుడికీ భూమికీ మధ్య ఇంచుమించు 80 డిగ్రీల ఎడం ఉండాలి, భూమి దాదాపు సగం వెలిగి కనిపించాలి. సన్నని వంకై సూర్యుడి పక్కన చేరడం అప్పుడు జరగని పని.

మూడోసారి రాయి గురుగ్రహం దగ్గర తేలుతూ కనిపిస్తుంది. గ్రహమూ దాని చంద్రులూ నిలువుగా ఒకే వరుసలో నిలబడగా, రాయి వాటికి అడ్డంగా వస్తుంది. ఆ వరుసలో ఉన్నవి గెలీలియో చూసిన పెద్ద చంద్రులే అనుకుంటే, ఇక్కడ జరిగిన ఉల్లంఘన మరింత ఆసక్తికరమైనది. వాటిలో గానిమీడ్ ఒక చుట్టు తిరిగేలోగా యూరోపా రెండు, అయో నాలుగు చుట్లు పూర్తిచేస్తాయి. ఈ మూడింటి స్థానాలను ముడిపెట్టే సంబంధాన్ని ఫ్రెంచి గణితవేత్త లాప్లాస్ వివరించాడు; దాని ఫలితంగా ఆ మూడూ గ్రహానికి ఒకే వైపున ఒకే గీత మీదికి ఎన్నటికీ రావు. రాయి పలికినప్పుడల్లా ఆకాశం కూడా వరుసలో నిలబడుతుంది, అది సాధ్యమయ్యే విషయమైనా కాకపోయినా. శుభకార్యానికి గ్రహాలు కలిసిరావాలని నమ్మే మనవంటి సమాజానికి ఈ సంజ్ఞను విడమర్చి చెప్పనక్కరలేదు.

అయితే శాస్త్రం తప్పిన ప్రతిచోటా ప్రతీక ఉందనుకుంటే పొరబడతాం. భారరహిత స్థితిలో, చంద్రుడి మీదికి వెళుతున్న శాస్త్రవేత్త డాక్టర్ ఫ్లాయిడ్ గొట్టంతో పీల్చిన ద్రవం, నోరు తీయగానే గొట్టంలో కిందికి జారిపోతుంది. అది కేవలం పొరపాటు. దానికి కూడా భాష్యాలు రాసే ఓపిక ఉన్నవాళ్లు ఉంటే ఉండవచ్చు.

చిత్రం ప్రారంభంలో కనిపించే ఇలాంటి మరో వరుసకు తోడుగా వినిపించే సంగీతం రిచర్డ్ స్ట్రాస్ 1896లో, జర్మన్ తత్వవేత్త నీషే రాసిన జరతూష్ట్ర గ్రంథం స్ఫూర్తితో కూర్చినది. ఆ మొదటి మూడు స్వరాలను మన పరిభాషలో చెప్పాలంటే స, ప, పై స. వాటి పౌనఃపున్యాల నిష్పత్తి 2:3:4. తంబురా తీగల్లో మనం ప్రతిరోజూ వినేది కూడా ఈ స్వరాలనే. సప్తస్వరాల్లో మిగిలినవేవీ పుట్టకముందు ఉండే ధ్వనిలా అది తోస్తుందంటే, చిన్న పూర్ణసంఖ్యల నిష్పత్తులను చెవి అతి సులువుగా పట్టుకోవడమే అందుకు కారణం. నవలలో ఏకశిల కొలతలు 1:4:9, అంటే మొదటి మూడు సంఖ్యల వర్గాలు. చిత్రంలో ఆ అంకెలను ఎవరూ పలకరు, కానీ సంఖ్య ద్వారా బుద్ధిని సూచించాలన్న ఆలోచన ఆ సంగీతంలో ముందే ఉంది.

ఇక అనుకోకుండా అమరిన ప్రతీకల సంగతి. ఏకశిలను మొదట పారదర్శకంగా చేయాలనుకుని సుమారు రెండు టన్నుల ప్లెక్సీగ్లాస్ దిమ్మెను పోతపోయించారు. కెమెరా ముందు అది అనుకున్నట్టు కనిపించకపోవడంతో దాన్ని వదిలేసి నల్లపలకను ఎంచుకున్నారు. ఏ వెలుగునూ తిరిగి ఇవ్వని ఆ నలుపును 'తెలియనిదానికి' గుర్తుగా చదివే మనం, ఆ గాజులాంటి దిమ్మె నచ్చి ఉంటే మరింకేదో చదివేవాళ్లం. చిరుతపులి కళ్ల కథ ఇంకా బాగుంటుంది. ఆఫ్రికా నేపథ్యాన్ని స్టూడియోలోనే చూపడానికి, రోడ్డు గుర్తులు రాత్రిపూట మెరిసేందుకు వాడే సన్నని గాజుపూసల తెరను వెనుక పెట్టి, బొమ్మను ముందునుంచి దాని మీద వేశారు. వచ్చిన దిక్కుకే వెలుగును తిప్పి పంపడం ఆ పూసల గుణం. పిల్లిజాతి జంతువుల కంటి వెనుక ఉండే అద్దంలాంటి పొర కూడా అదే పని చేస్తుంది. అందువల్ల చిరుత కెమెరా వైపు తిరిగినప్పుడు దాని కళ్లు నిప్పుకణికల్లా వెలిగాయి. తరువాత వచ్చే హాల్ అనే కంప్యూటరు ఎర్రని కంటికి ఇది పూర్వరూపంలా ఉంటుంది. ఎవరూ తలపెట్టకపోయినా, చూసి ఉంచుకోవడం కూడా దర్శకుడి పనే.

హాల్ పేరులోని ఇంగ్లిషు అక్షరాలను ఒక్కొక్క స్థానం ముందుకు జరిపితే ఐబీఎం వస్తుందన్న మాట బాగా ప్రచారంలో ఉంది. హ్యూరిస్టిక్, ఆల్గరిథమిక్ అన్న మాటల నుంచి ఆ పేరు పుట్టిందని చెబుతూ క్లార్క్ దీన్ని కాదన్నాడు. నాకు ఆయన మాటే నమ్మదగినదిగా తోస్తుంది. ఉద్దేశపూర్వకమైన సూచన మరోచోట ఉంది. జ్ఞాపకాలను ఒక్కొక్కటిగా ఊడదీస్తుంటే హాల్ 'డైసీ బెల్' అనే పాత పాట పాడుతుంది. 1961లో బెల్ ప్రయోగశాలలో ఐబీఎం 704 యంత్రం కృత్రిమ గొంతుతో పాడిన పాట అదే; క్లార్క్ అక్కడ దాన్ని స్వయంగా విన్నాడు. యంత్రం తన జాతి తొలి పలుకులకు తిరిగి వెళ్లి మరణిస్తుంది. చిత్రంలో అందరికన్నా మనిషిలా చనిపోయేది అదొక్కటే.

వానరం గాలిలోకి విసిరిన ఎముక నాలుగు మిలియన్ల ఏళ్లు దాటి అంతరిక్ష వాహనంగా మారే కోత (ఒక దృశ్యం నుంచి మరో దృశ్యానికి దూకే 'కట్') గురించి అందరికీ తెలుసు. ఆ వాహనం అణ్వాయుధాన్ని మోసే ఉపగ్రహమని కథాప్రణాళికలో ఉంది. చిత్రంలో ఆ మాట చెప్పకుండా వదిలేశారు. కక్ష్యలో అణ్వాయుధాలను నిషేధించే అంతర్జాతీయ ఒప్పందం అంతకు కొద్ది నెలల ముందే, 1967 అక్టోబరులో అమల్లోకి వచ్చింది. ఆ సంగతి ఎరిగి చూస్తే, చేతిలోని ఆయుధం పెద్దదైందే తప్ప మారలేదని ఆ ఒక్క కోత చెబుతుంది. ఎరగకుండా చూస్తే అది నాగరికత సాధించిన ప్రగతిగా కనిపిస్తుంది. దృశ్యం మాత్రం రెండింటికీ ఒక్కటే.

ఏకశిల నాలుగోసారి వచ్చేది తెల్లని పడకగదిలో. అక్కడ సూర్యుడు లేడు, గ్రహాల వరుస లేదు. వెలుగు నేల నుంచే వస్తుంది. ముసలివాడైన వ్యోమగామి బోమన్ మంచం మీద నుంచి రాయి వైపు చేయి చాస్తాడు, కెమెరా ఆ నలుపులోకి వెళ్లిపోతుంది. మరుక్షణం తెర మీద చంద్రుడు, ఆపైన భూమి, వాటి పక్కన వెలుగుతున్న గోళంలో కళ్లు తెరిచిన శిశువు. చిత్రం ప్రారంభంలో ఇదే సంగీతానికి చంద్రుడు, భూమి, సూర్యుడు వరుసలో నిలబడ్డాయి. ఇప్పుడు సూర్యుడి స్థానంలో ఉన్నది ఆ పసివాడు.