నల్లా బిల్లు వెనక 1,200 అడుగులు

హైదరాబాద్‌లో నల్లా చార్జీలు పెంచుతారా, 20 వేల లీటర్ల ఉచితం ఉంటుందా పోతుందా అన్న చర్చ మళ్లీ మొదలైంది. అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో టెన్షన్ కూడా మొదలైంది. 1908 మూసీ వరద, విశ్వేశ్వరయ్య సలహా, నగరానికి తాగునీరిచ్చిన గండిపేట జలాశయం కట్ట... ఈ కథ నగరంలో అందరికీ తెలిసిందే కాబట్టి వదిలేద్దాం. బిల్లు గొడవ అర్థం కావాలంటే చూడాల్సింది ఎత్తు.

గండిపేట పూర్తి నీటిమట్టం సముద్రమట్టానికి 1,790 అడుగుల ఎత్తు. ఆ నీళ్లు ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్స్‌కు వాలు మీదే నడిచొచ్చేవి. నీటిని తేవడానికి కరెంటు ఖర్చంటూ పెద్దగా ఉండేది కాదు. నల్లా నీళ్లంటే చవక అన్న అలవాటు నగరానికి ఆ రోజుల్లోనే పడింది.

2004లో నాగార్జునసాగర్ నుంచి కృష్ణా మొదటి దశ నీళ్లు వచ్చాయి. ఊరంతా పండగ చేసుకుంది, చేసుకోవాల్సిందే. కానీ నాగార్జునసాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు. అంటే గండిపేట మట్టానికి 1,200 అడుగుల దిగువ. అంతకుముందు కిందికి పారి వచ్చిన నీటిని ఇప్పుడు వంద కిలోమీటర్లకు పైగా పైపుల్లో పైకి నెట్టాలి. వెయ్యి లీటర్లను 1,200 అడుగులు ఎత్తడానికి, ఎక్కడా ఏ నష్టమూ లేదనుకున్నా, దాదాపు ఒక యూనిట్ కరెంటు కాలుతుంది. పంపుల్లో పోయేది, పైపుల రాపిడిలో పోయేది కలిపితే యూనిట్‌న్నర దాకా వెళ్తుంది. యూనిట్ ధర ఎంతో మీ ఇంటి కరెంటు బిల్లులో ఒకసారి చూసుకోండి. 2008లో కృష్ణా రెండో దశ, 2015లో మూడో దశ వచ్చాయి. అదే ఏడాది చివర్లో ఎల్లంపల్లి నుంచి గోదావరి నీళ్లు వచ్చాయి. అక్కడి మట్టం 148 మీటర్లు, అంటే 485 అడుగులే. సాగర్ కంటే ఇంకా కింద.

మరి రేటు? 2011 డిసెంబరులో సవరించిన చార్జీల ప్రకారం ఇళ్లకు మొదటి 15 వేల లీటర్ల దాకా వెయ్యి లీటర్లకు 10 రూపాయలు. నీటి చార్జీ మీద 35 శాతం సీవరేజి (మురుగునీటి) సెస్. ఆ తర్వాత కృష్ణా మూడో దశ, గోదావరి వచ్చి చేరినా ఇళ్ల రేట్లు ఏళ్ల తరబడి కదల్లేదు. కరెంటుకు శుద్ధి, సిబ్బంది జీతాలు, అప్పుల మీద వడ్డీ అన్నీ కలిపితే ఆ పది రూపాయలు ఎటూ చాలవు.

కరెంటు చార్జీ పెంచాలంటే విద్యుత్ నియంత్రణ మండలి (ఈఆర్‌సీ) ముందు లెక్కలు పెట్టాలి, బహిరంగ విచారణ జరగాలి. నీటికి అలాంటి నియంత్రణ సంస్థ లేదు. నగర నీటి బోర్డు జలమండలి ప్రతిపాదిస్తుంది, ప్రభుత్వం సరేనంటేనే పెరుగుతుంది. అందుకే లెక్కల కంటే ఎన్నికలే రేటును నిర్ణయిస్తున్నాయి. 2020 డిసెంబరు జీహెచ్‌ఎంసీ ఎన్నికల్లో ఇచ్చిన హామీ 2021 జనవరి 12న పథకమైంది: నెలకు 20 వేల లీటర్లు ఉచితం. పాత రేటులో అది 200 రూపాయలు దాటిన బిల్లు. బస్తీలో ఉన్న కుటుంబానికి అది నిజమైన ఆసరా. మీటరు పెట్టుకున్న పెద్ద బంగళాకూ అదే ఉచితం ఎందుకో మాత్రం ఎవరూ సరిగ్గా చెప్పలేదు.

ముందు లీకేజీలు, దొంగ కనెక్షన్లు ఆపి, ఆ తర్వాత మా దగ్గరికి రండి అని కాలనీ సంఘాలు అంటున్నాయి. అదీ న్యాయమే. అయితే పైపు చేరని కాలనీల గోడు ఈ చర్చలో వినపడడం లేదు. 5 వేల లీటర్ల ట్యాంకరుకు జలమండలే ఇళ్ల దగ్గర 500 రూపాయలు తీసుకుంటోంది. అంటే వెయ్యి లీటర్లకు 100. పైపు ఉన్నవాడి పాత పది రూపాయల రేటుకు పది రెట్లు. వేసవిలో ప్రైవేటు ట్యాంకరైతే ఇంకా ఎక్కువ.

ఇప్పుడు మల్లన్నసాగర్ జలాశయం నుంచి నగరానికి నీళ్లు తెచ్చే గోదావరి రెండు, మూడు దశలకు 2025 సెప్టెంబరులో శంకుస్థాపన జరిగింది. గండిపేటకూ ఆ నీళ్లే తెస్తామంటున్నారు. మల్లన్నసాగర్ ఎత్తైన చోటే ఉంది, 557 మీటర్ల మట్టం. కానీ ఎల్లంపల్లి నుంచి అక్కడి దాకా 400 మీటర్లకు పైగా ఎక్కించాల్సింది మళ్లీ మోటార్లే. ఆ కరెంటు బిల్లు సాగునీటి శాఖ ఖాతాలో పడుతుందా, జలమండలి ఖాతాలో పడుతుందా అన్నది కొత్త రేట్ల గురించి మాట్లాడే ముందే ప్రభుత్వం జనానికి చెప్పాలి.