మనుషులు లేకపోతే మెదడుకేమవుద్ది? ఖైదీల గురించి కాస్త సైన్సు

రాజమండ్రి సెంట్రల్ జైలు దగ్గరకి ములాఖత్ టైముకి వెళ్తే కనిపిస్తారు, అమలాపురం వైపు నుంచి రావులపాలెం మీదగా బస్సెక్కి వచ్చినవాళ్ళు, చంకలో పిల్లలు, చేతిలో ఆధార్ కార్డు, లోపల మాట్లాడేది కాసేపే, దానికోసం ఆ రోజు కూలి పోద్ది. మనం దీన్ని ఏదో జాలిపడి ఇచ్చే సదుపాయం అనుకుంటాం గానీ నన్నడిగితే జైల్లో జరిగే అసలు వైద్యం ఇదే.

ఎందుకంటే 2020లో అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ వాళ్ళు ఒక స్టడీ వేశారు. 40 మందిని ఒక రోజు 10 గంటలు ఒంటరిగా ఉంచారు, మనిషి లేడు, ఫోన్ లేదు. ఇంకో రోజు అదే 10 గంటలు తిండి పెట్టలేదు. తర్వాత స్కానర్లో పడుకోబెట్టి ఫోటోలు చూపిస్తే, ఒంటరిగా ఉన్న రోజు నలుగురు కలిసున్న ఫోటోకీ, పస్తున్న రోజు తిండి ఫోటోకీ మెదడు నడిమి భాగంలో డోపమైన్ (ఏదైనా కావాలనిపించేలా చేసే రసాయనం) కణాలుండే అదే చోట స్పందన వచ్చింది. 10 గంటలకే అలా ఉంటే, పదేళ్ళు లోపలున్నవాడి సంగతి ఏంటి?

అంటార్కిటికాలో 14 నెలలు గడిపిన 9 మందిని కూడా చూశారు (2019లో వచ్చింది), జ్ఞాపకశక్తికి పనికొచ్చే హిప్పోకాంపస్‌లో ఒక ముక్క సగటున 7 శాతం దాకా తగ్గింది. వాళ్ళు కావాలని వెళ్ళినవాళ్ళు, పక్కన ఇంకో ఎనిమిది మంది ఉన్నారు! ఆమ్‌స్టర్‌డామ్‌ జైల్లో 37 మందికి మూడు నెలల తేడాతో టెస్టులు పెడితే తమని తాము అదుపులో పెట్టుకునే శక్తి తగ్గినట్టు తేలింది, చిన్న స్టడీయే, దాన్నొక్కదాన్నే పట్టుకుని ఊగిపోకూడదు, కానీ బయటికొచ్చాక అతన్లో మనం చూడాలనుకునేదే ఆ అదుపు కదా.

ఇక్కడో ప్రమాదం కూడా ఉంది, "మెదడు పాడైపోయింది, ఇక వదిలిపెట్టడం ఎందుకు" అనేవాళ్ళు తయారవుతారు. వాళ్ళకి అమెరికాలోని బర్క్‌లీ యూనివర్సిటీ ఎలకల సంగతి చెప్పాలి. 1960ల్లో అక్కడ తోటి ఎలకలూ ఆటవస్తువులూ ఉన్న బోనులో పెట్టిన వాటికి మెదడు పైపొర మందమైంది, ఒంటరిగా ఉంచినవాటికి అవ్వలేదు, ఎదిగిన ఎలకల్లోనూ ఈ మార్పు కనిపించింది. ఎలక మనిషి కాదు, నిజమే, కానీ మెదడు మారేది ఒక్కవైపే కాదని అప్పుడే తెలిసింది.

అలాగని ఖైదీ హక్కు స్కాన్‌లోంచి రాదు, చట్టంలోంచే రావాలి. 1979లో భారత్ చేరిన పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒప్పందంలో 10వ ఆర్టికల్, జైలు అసలు లక్ష్యం ఖైదీ బాగుపడి మళ్ళీ సమాజంలో కలవడమే అంటుంది. 1977లో మన ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్ళిన మొహమ్మద్ గియాసుద్దీన్ కేసులో సుప్రీంకోర్టు జడ్జి జస్టిస్ కృష్ణయ్యర్ కూడా శిక్షకి సంస్కరణే ప్రధానం అన్నారు. ఖైదీల విషయంలో ఐక్యరాజ్యసమితి పెట్టిన 2015 నాటి నెల్సన్ మండేలా రూల్స్ ప్రకారం 15 రోజులు దాటి ఏకాంత నిర్బంధం కూడదు. మన కొత్త న్యాయ సంహితలో మాత్రం పాత ఐపీసీలో ఉన్నదే ఉంది, ఒక్కసారికి 14 రోజులు మించకుండా మొత్తం మూడు నెలల దాకా ఏకాంత శిక్ష వెయ్యొచ్చు. కొత్త చట్టం రాసేటప్పుడైనా తీసెయ్యాల్సింది.

సరే, శిక్ష అయిపోయి కోనసీమలో కొబ్బరి దింపు తీసే మనిషి ఇంటికొచ్చాడనుకోండి, చెట్టెక్కడం కాళ్ళకీ చేతులకీ గుర్తుంటది, కానీ రైతు పిలవాలి కదా, "జైలుకెళ్ళొచ్చినోడు" అని పేరు పడ్డాక ఎవడు పిలుస్తాడు, ఇల్లు అద్దెకెవరిస్తారు. జైళ్ళ శాఖ పెట్రోల్ బంకుల్లో ఖైదీలే పెట్రోలు కొడతారు, చిల్లర వాళ్ళ చేతిలోంచే తీసుకుంటాం, అదే మనిషి విడుదలయ్యి మన ఊరి బంకులో పని అడిగితే ఓనరు ముందు అడిగేది ఏ కేసులో వెళ్ళావనే.