గొడుగు కర్ర, కరాటే బెల్టు: ఒక అరుగు పేచీ వెనక కథ

పర్లాకిమిడిలో సాయంత్రం పూట కరాటే క్లాసు పిల్లలు తెల్ల డ్రెస్సుల్లో ఇంటికి పోతుంటే మా వీధి అరుగు మీద పేచీ మొదలవుతుంది. వయసులో కర్రసాము తిప్పిన పెద్దాయన ఒకరు గొడుగు అందుకుని, మణికట్టు ఒక్క తిప్పు తిప్పి, మొన కుర్రాడి మోకాలి దగ్గర ఆపుతారు. "ఏటిరా, నీ తన్ను ఇక్కడిదాకా వస్తాదా?"

విద్య గొప్పదా, మనిషి గొప్పోడా? 1936లో ఒడిశాలో కలిసేదాకా ఈ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీది. సరిహద్దుకు అటుపక్క వీరఘట్టంలో పుట్టి, రొమ్ము మీద ఏనుగును ఎక్కించుకున్న కోడి రామ్మూర్తి నాయుడు 1942లో ఒడిశాలోని బలంగీర్‌లో పోయారు. మావైపు మనిషే గొప్ప అనేవాళ్లందరికీ ఆయనే సాక్ష్యం. కానీ బలప్రదర్శన వేరు, ఎదుట ఇంకొకడు నిలబడడం వేరు.

1910లో లండన్‌లో గామా పహిల్వాన్‌తో తలపడిన పోలండ్ మల్లుడు జిబిస్కో రెండు గంటలకు పైగా చాపకు కరుచుకుపోయాడు. కుస్తీ తేలలేదు. 1928లో పటియాలాలో మళ్లీ వాళ్లిద్దరే, ఈసారి మన మట్టి గోదాలో. నిమిషంలోపే జిబిస్కో వెల్లకిలా పడ్డాడు. వయసు సంగతి ఉండనే ఉంది, కాళ్లకింద నేలనూ లెక్కలో వేయాలి కదా.

1976లో టోక్యోలో బాక్సర్ మహమ్మద్ అలీ మీదికి జపాన్ మల్లుడు ఇనోకి వెల్లకిలా పడుకునే తన్నుతూ 15 రౌండ్లు లాగించాడు. డ్రా. చూసినవాళ్లకు విసుగు, అలీకి కాళ్ల వాపు.

అసలు మలుపు 1993 నవంబరు 12న, అమెరికాలోని డెన్వర్‌లో, ఏ విద్యవాడైనా దిగొచ్చన్న యూఎఫ్‌సీ తొలి పోటీలో. బరువు తరగతుల్లేవు. ఒక బాక్సర్ ఒక్క చేతికే గ్లౌజు తొడుక్కొచ్చాడు. సుమారు 80 కిలోల రాయిస్ గ్రేసీ అతన్ని కింద పడేసి మీద కూర్చోగానే చెయ్యి తట్టి ఓటమి ఒప్పుకున్నాడు. ఆ రాత్రి రాయిస్ ముగ్గురిని లొంగదీశాడు. అతని కుటుంబ విద్య, నేలమీద పట్టు పట్టి లొంగదీసే బ్రెజిలియన్ జుజుత్సే అసలు విద్య అని లోకం నమ్మేసింది.

2000 మే 1న టోక్యోలో ఆ నమ్మకం సడలింది. గ్రేసీ కుటుంబం పట్టుబట్టడంతోనే రౌండ్లకు పరిమితి పెట్టలేదు. సకురాబా అనే జపాన్ మల్లుడు 90 నిమిషాలు నిలబడి, తన్నులతో రాయిస్ కాళ్లు ఆడకుండా చేశాడు. చివరికి రాయిస్ వైపువాళ్లే తువ్వాలు విసిరారు. నేలమీది ఆ పట్లు సకురాబాకు ముందే తెలుసు. ఒక్క గ్లౌజు బాక్సర్‌కు తెలియవు. నా మటుకు తేడా అక్కడే.

ఇదంతా చెబితే పెద్దాయన కాసేపు విని, గొడుగు కుర్రాడి చేతికిచ్చారు. "ఇప్పుడు నువ్వు తిప్పు, చూద్దాం."